జాకెట్టు గుడ్డలో కొవ్వొత్తి

సినిమాల్లో పుట్టినరోజు సీను ఒకటి గుర్తు తెచ్చుకోండి. హాలు నిండా బెలూన్లు, మధ్యలో మూడంతస్తుల కేకు, పక్క బల్ల మీద గుట్టగా గిఫ్టులు. ఎర్ర కాగితం, బంగారు రిబ్బను, పైన పువ్వులాంటి ముడి. మా పక్క పోర్షన్లో అద్దెకుండే అబ్బాయి ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో అసిస్టెంటు. ఆ పెట్టెల్లో ఏం పెడతారని ఒకసారి అడిగాను. "ఏం పెడతాం అక్కా, ఖాళీ అట్టపెట్టెలే. ఒక్కోసారి థర్మాకోల్ ముక్కలు. బరువు యాక్టరు చేతుల్లో కనిపించాలి, అంతే" అన్నాడు. ఒకసారి చుట్టినవాటిని పాడయ్యేదాకా వాడతారట. ఒక సినిమాలో హీరోయిన్ బర్త్‌డేకి వచ్చిన పెట్టె ఇంకో సినిమాలో ఎవరి రిసెప్షన్‌లోనో కనిపిస్తుందన్నమాట.

ఆ లెక్కన మా చుట్టుపక్కల అందరికన్నా తక్కువ చెత్త చేసే గిఫ్టు ప్యాకింగ్ సినిమావాళ్లదే. లోపల వస్తువు లేదు కాబట్టి ఎవరూ విప్పరు, విప్పరు కాబట్టి ఎవరూ పారెయ్యరు. నిజం గిఫ్టులతోనే వస్తుంది చిక్కంతా.

మాది శ్రీనగర్ కాలనీ. ఒక పక్క కృష్ణానగర్, అక్కడ జూనియర్ ఆర్టిస్టులు, మేకప్‌వాళ్లు, కాస్ట్యూమ్ టైలర్లు. ఇంకో పక్క బంజారాహిల్స్, అది దాటితే జూబ్లీహిల్స్. మధ్యలో మేము, అపార్ట్‌మెంట్లూ ప్రొడక్షన్ ఆఫీసులూ కలిసిపోయి. మెయిన్‌రోడ్డు మీద సత్యసాయి నిగమాగమంలో కొన్నాళ్లు పెళ్లిళ్లు, కొన్నాళ్లు పట్టుచీరల ఎగ్జిబిషన్లు. ఏడాది పొడుగునా ఇక్కడ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటారు. గృహప్రవేశం, సీమంతం, బారసాల, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి. పూర్వం వచ్చినవాళ్లు ఇచ్చి వెళ్లేవారు. ఇప్పుడు పిలిచినవాళ్లు కూడా రిటర్న్ గిఫ్టు ఇచ్చి పంపాలి. ఈ మధ్య మా ఇంటికొచ్చే రిటర్న్ గిఫ్టుల్లో స్టీలు డబ్బాని పక్కకి నెట్టి సువాసన కొవ్వొత్తి వచ్చి కూర్చుంది.

ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొవ్వొత్తి ఇవ్వాలంటే సైజు అడగక్కర్లేదు, షుగర్ ఉందా అని అడగక్కర్లేదు. వాడితే అయిపోతుంది కాబట్టి పుచ్చుకున్నవాళ్లు షోకేసులో చోటు వెతుక్కోనక్కర్లేదు. అయితే అలా అయిపోయే వస్తువు కాబట్టే దాని చుట్టూ ఉన్నది ఎక్కువ కాలం మిగులుతుంది. మైనం ముప్ఫయ్యో నలభయ్యో గంటలు వెలిగి గాల్లో కలిసిపోతుంది. మెరుపు కాగితం ఎక్కడికీ పోదు.

ఇదంతా నేను పట్టించుకోవడం మా పెద్దమ్మ వల్ల మొదలైంది. పెద్దనాన్న 2020లో పోయారు. తర్వాత రెండేళ్లకి పెద్దమ్మ ఎవరి దగ్గరో నేర్చుకుని ఇంట్లో కొవ్వొత్తులు పొయ్యడం మొదలుపెట్టింది. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, ఆ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సోయా మైనం కరిగిస్తుంది. కాస్త చల్లారాక మల్లె వాసనో నిమ్మగడ్డి వాసనో కలిపి గాజు గ్లాసుల్లో పోస్తుంది. ఒక్కోటి 220 రూపాయలు. పెన్షన్ వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ నెలాఖరుకి తన చేత్తో సంపాదించిన డబ్బు లెక్కపెట్టుకోవడం ఆవిడకి అరవై దాటాకే తెలిసింది. ఆదివారాలు నేను వెళ్లి ప్యాకింగ్‌లో సాయం చేసేదాన్ని.

మొదట అందరిలాగే బేగంబజార్ నుంచి తెచ్చాం. డిజైను పెట్టె, లోపల పరవడానికి కాగితపు పీచు, పైన చుట్టడానికి మెరుపు కాగితం, రిబ్బను, స్టిక్కరు. అన్నీ కలిపి ఒక్కో కొవ్వొత్తికి 45 రూపాయలు. అంటే కొన్నవాళ్లు ఇచ్చే ప్రతి అయిదు రూపాయల్లో ఒకటి చించి పారేసేదానికే. పెద్దమ్మ బాధ డబ్బు గురించి. చెత్త గురించి చెప్పింది మాత్రం, వాళ్ల అపార్ట్‌మెంటుకి పొద్దున్నే చెత్త ఆటోతో వచ్చే ఆవిడ.

ఆవిడ చేతులు చూడాలి. సంచి కుమ్మరించిన క్షణంలో అట్ట ఒక పక్కకి, సీసా ఒక పక్కకి, పాలప్యాకెట్లు ఒక పక్కకి వెళ్లిపోతాయి. పాత సామాన్ల కొట్టువాడు కొనేవి అవి. మెరుపు కాగితాన్ని ఆవిడ అసలు ముట్టుకోదు. ఎందుకమ్మా, కాగితమే కదా అంటే, ఒక ముక్క తీసుకుని గుప్పిట్లో నలిపి వదిలింది. అది మెల్లగా మళ్లీ విచ్చుకుంది. "కాగితమైతే నలిగినట్టే ఉంటది. ఇది కవరు. ఎవ్వరు కొనరు" అంది. నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నదీ అదే. గిఫ్టులకి చుట్టే వెండి, బంగారు రంగు షీట్లలో చాలావరకు లోహపు పూత వేసిన ప్లాస్టిక్ ఫిల్మే. ఒకవేళ కాగితమే అయినా మెరుపు పొడి అద్దినా, ప్లాస్టిక్ పొర అంటించినా మళ్లీ కాగితం చెయ్యడానికి పనికిరాదు. అదంతా చివరికి ఊరవతల జవహర్‌నగర్ డంప్‌యార్డు దారి పట్టేదే.

2022 జులై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించారు కదా. ఆ జాబితాలో బెలూన్లకి తగిలించే ప్లాస్టిక్ పుల్లలున్నాయి, అలంకరణకి వాడే థర్మాకోల్ ఉంది, స్వీటు డబ్బాల మీద, శుభలేఖల మీద, సిగరెట్ పెట్టెల మీద చుట్టే పల్చటి ఫిల్మ్ కూడా ఉంది. గిఫ్టు చుట్టే మెరుపు కాగితం పేరు మాత్రం లేదు. పుట్టినరోజు సీనులో సగం సామాను పోయింది, సగం మిగిలింది.

సరే, మరి దేంట్లో చుట్టాలి? కొవ్వొత్తిని చుట్టడం పుస్తకాన్ని చుట్టినట్టు కాదు. దాని ఇబ్బందులు దానికున్నాయి. వాసన పోకూడదు, దుమ్ము అంటకూడదు, వత్తి తడవకూడదు, గాజు పగలకూడదు. ఆ వేసవి, వానాకాలం మేము చేసినవి ఇవి.

ముందు న్యూస్‌పేపరు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఆదివారం అనుబంధంలో రంగుల పేజీ చూసి, పైన పురికొసతో అడ్డంగా నిలువుగా కట్టి చివర ఉచ్చు ముడి వేస్తే, చిన్నప్పటి కిరాణాకొట్టు పొట్లంలా ఉంటుంది. టేపు అక్కర్లేదు. ఒక కష్టం ఏంటంటే పేజీ జాగ్రత్తగా ఏరాలి, శ్రద్ధాంజలి ఫోటోలున్న పేజీలో గృహప్రవేశం గిఫ్టు చుట్టలేం. ఇంకోటి, గ్లాసులో పోసిన కొవ్వొత్తికి పర్వాలేదు గానీ ఉత్త మైనపు కొవ్వొత్తికి సిరా అంటుతుంది. మైనంలోని సువాసన నూనె కాగితాన్ని పీల్చుకునేలా చేసి మరకలు తెస్తుంది. అన్నిటికన్నా పెద్ద కష్టం మర్యాద. "పేపర్లో చుట్టి ఇస్తే ఏమనుకుంటారండీ" అని ఒకావిడ నెమ్మదిగానే అంది. ఆ మాటలో తప్పేం లేదు. చుట్టడమనేదే ఆ ‘ఏమనుకుంటారు’ కోసం పుట్టింది. మీకోసం కాస్త సమయం పెట్టాను అని చెప్పడానికి.

తర్వాత ఆకులు. అరటాకు పచ్చిగా ఉన్నప్పుడు అందంగా ఉంటుంది, కానీ దాని తేమ వత్తికి పడితే వెలిగించినప్పుడు చిటపటమంటుంది. మర్నాటికి ఆకు నల్లబడుతుంది కూడా. ఎండిన మోదుగాకులు కుట్టిన విస్తరి బాగానే ఉంటుంది, కానీ గుండ్రటి గ్లాసు చుట్టూ వంచితే విరుగుతుంది. గంటలో ఇచ్చేసేదానికైతే ఆకుని మించింది లేదు, నిలవుంచేదానికి పనికిరాదు. తాటాకు బుట్టలు తెప్పించాం. వాటిని ఎవరూ పారెయ్యరు, గాజులో ఉల్లిపాయలో వేసుకుంటారు. కానీ నాణ్యమైన బుట్ట ఖరీదు కొవ్వొత్తి ఖరీదుకి దగ్గరగా వచ్చింది. రావాల్సిందే కూడా, అల్లినవాళ్ల చేతి పని అది.

ఇక చివరికి ఆన్‌లైన్లో దొరికే తెల్ల నూలు సంచులు. ‘ఎకో ఫ్రెండ్లీ’ అని అచ్చువేసి మరీ వస్తాయి. వంద సంచుల పార్సిలు విప్పితే, ప్రతి పది సంచులకీ ఒక ప్లాస్టిక్ కవరు! దానికి నవ్వుకున్నా, అసలు ప్రశ్న వేరే ఉంది. 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ బజారు సంచుల మీద ఒక లెక్క వేయించింది. పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా నూలు సంచి మెరుగు అనిపించుకోవాలంటే, ఒక్క వాతావరణ మార్పునే చూసినా దాన్ని 52 సార్లు వాడాలి. నీళ్లు, ఓజోన్ పొర లాంటి మిగతా ప్రభావాలన్నీ చూస్తే 7,100 సార్లు వాడాలని తేలింది. కొత్త నూలుగుడ్డ వెనక పత్తి చేను, నీళ్లు, మందులు, మిల్లు కరెంటు అన్నీ ఉంటాయి మరి. అది బజారు సంచుల లెక్క, గిఫ్టు సంచికి అచ్చంగా వర్తించదు. కానీ కొవ్వొత్తి తీసేసి ఒక్కసారితో పారేసే కొత్త నూలు సంచి, పేరుకి నూలే గానీ పని మాత్రం మెరుపు కాగితంలాంటిదేనని అర్థమైంది. వస్తువు దేంతో చేశారన్న దానికన్నా, ఆ ఇంట్లో దానికి రెండో పని ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఆ మాట పెద్దమ్మతో అంటే లేచి వెళ్లి బీరువా తెరిచింది.

తెలుగువాళ్ల ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ బీరువా అడుగు అర గురించి చెప్పక్కర్లేదు. జాకెట్టు గుడ్డలు. వరలక్ష్మీ వ్రతానికి, అట్లతద్దికి, పేరంటానికి, ఎవరింటికి వెళ్లినా బొట్టు పెట్టి తాంబూలంతో ఇచ్చినవి. మంగళగిరి గళ్లవి, నారాయణపేట అంచువి, పెడన కలంకారీ అద్దకం వేసినవి కొన్ని. టూ బై టూ రూబియా రంగురంగులవి చాలా. ఏ చీరకీ నప్పని పాలిస్టర్‌వి ఇంకా చాలా. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో పోగైనవి లెక్కపెడితే 160 దాటాయి. కుట్టించుకున్నవి కొన్నే, మళ్లీ ఎవరికో పెట్టేసినవి ఎన్నో. జాకెట్టు గుడ్డ నాలుగిళ్లు తిరిగి మళ్లీ మొదటి ఇంటికే వస్తుందని మన దగ్గర పాత జోకు. ఇవాళ ‘సర్క్యులర్ ఎకానమీ’ అని సెమినార్లలో చెప్పేదాన్ని మన ఆడవాళ్లు పసుపు కుంకుమలతో నడిపించారు.

కానీ 2020 తర్వాత ఆ అర కదల్లేదు. ఎందుకో చెప్పాలా? భర్త పోయినావిడకి ఎవరూ బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇవ్వరు. ఆవిడ ఇంకొకరికి ఇస్తే పుచ్చుకోరు. ఎవరూ నోరు తెరిచి వద్దనలేదు. పిలవడం మానేశారు, అంతే. శ్రావణ శుక్రవారాలు పక్క ఫ్లాట్ల తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఈవిడ టీవీ సౌండు పెంచుకునేది. ఆ బట్టలన్నీ ఇవ్వడానికి వీల్లేని సొత్తుగా బీరువాలో పడి ఉన్నాయి.

"వీటిలో చుడదామా?" అంది.

నేను వెంటనే జపనీయుల ఫురోషికి గురించి చెప్పాను. చదరపు గుడ్డలో ఏ వస్తువైనా చుట్టి ముడివేసే పద్ధతి వాళ్లది. 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికె ప్లాస్టిక్ సంచులు తగ్గించడానికి పాత ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన దారంతో ఒక ఫురోషికి చేయించి ప్రచారం చేశారు. ఫోన్లో ఫోటోలు చూపించాను. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "మూటే కదే!" అంది.

మూటే. సద్ది మూట, చాకలి మూట, మూటా ముల్లె. కొంగున ముడి, పంచె కొసన ముడి. పొట్లం, కట్ట, చుట్ట, ముల్లె, మూట, జోలె... విడివిడిగా ఇన్ని మాటలున్న భాష మనది. డబ్బా వచ్చి వాటిని పక్కకి తోసింది గానీ చేతులింకా మర్చిపోలేదు. పెద్దమ్మ వేళ్లు రెండో నిమిషంలో ఆ ముడి వేసేశాయి. నాకు వీడియో మూడుసార్లు చూడాల్సి వచ్చింది.

చేసే పద్ధతి చెప్తాను, కావాలంటే మీరూ చెయ్యండి. జాకెట్టు గుడ్డ మీటరుకి కాస్త తక్కువుంటుంది. చిన్న గ్లాసు కొవ్వొత్తికి అంత అక్కర్లేదు కాబట్టి రెండు ముక్కలు చేద్దామని నాకనిపించింది. పెద్దమ్మ కత్తెర పట్టుకోనివ్వలేదు. "కోస్తే ఇక అది ప్యాకింగే. కొయ్యకపోతే ఇంకా జాకెట్టు గుడ్డే" అంది. అందుకని నాలుగు మడతలు వేసి చిన్న చదరం చేసి, మధ్యలో గ్లాసు పెట్టి, ఎదురెదురు కొసలు పైకి తెచ్చి రెండు ముడులు వేస్తాం. నాలుగు పొరలు కాబట్టి గాజుకి అదే మెత్త, బబుల్ రాప్ అక్కర్లేదు. పిన్నులు, జిగురు, టేపు వద్దు, చిల్లు పడితే గుడ్డ పాడవుతుంది. గ్లాసు మీద మాత్రం రేకు మూత ఉండాలి. బట్ట వాసనని ఆపలేదు. పైగా మే నెలలో ఎండలో నిలిపిన కారులో వేడి 50 డిగ్రీలు దాటడం మామూలే, సోయా మైనం మెత్తబడి కరగడమూ దాదాపు అక్కడే. అందుకే వేసవిలో పెద్దమ్మ పొద్దున పదిలోపే పంపిస్తుంది. ఒకవేళ మైనం అంటినా, సోయాది వేడినీళ్లకి, సబ్బుకి వదులుతుంది. పారఫిన్ అయితే మొండిది, పైన కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో లాగించాలి. ముడిలో ఒక చీటీ పెడతాం, పాత గోడ క్యాలెండర్ కాగితం వెనక తెల్లవైపు రాసింది: "వెలిగించే ముందు గుడ్డ పూర్తిగా విప్పి దూరంగా పెట్టండి. కుట్టించుకున్నా సరే, ఇంకొకరికి పెట్టినా సరే. ఖాళీ గ్లాసు తిరిగిస్తే 30 రూపాయలు తగ్గింపు."

ప్యాకింగ్ ఖర్చు 45 నుంచి రేకు మూత ఒక్కదానికి దిగింది. కానీ మొదటి పది మూటలు గుమ్మం దాటేదాకా పెద్దమ్మ మొహంలో దిగులు కనిపిస్తూనే ఉంది. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పైఅంతస్తులో ఉండే పెద్దావిడ, పెద్దమ్మ వదినా అని పిలుస్తుంది, ఆ మూటలు చూసింది. ఒకటి ఎత్తి అంచు తడిమింది. "బాగున్నాయి. కానీ ఇవి బొట్టు పెట్టి కదా..." అని సగంలో ఆపేసింది. మిగతా సగం ముగ్గురికీ వినపడింది.

"ఇది తాంబూలం కాదు వదినా, ప్యాకింగ్" అంది పెద్దమ్మ.

ఎంత పనికొచ్చిందో ఆ ఇంగ్లీషు మాట! తాంబూలానికి ఎవరు ఇవ్వాలి, ఎవరు పుచ్చుకోవాలి అని నియమాలున్నాయి. ప్యాకింగ్‌కి ఏ నియమమూ లేదు. ఆ పేరు మీద ఆ బట్టలు పెళ్లికానివాళ్లకి వెళ్లాయి, విడాకులు తీసుకున్నావిడకి వెళ్లాయి, భర్త పోయిన ఇద్దరు టీచర్లకి వెళ్లాయి. మా పక్క పోర్షన్ అబ్బాయికి వెళ్లింది. వాడు దాన్ని మెడకి స్కార్ఫులా కట్టుకుని షూటింగ్‌కి పోయాడు. చెత్త ఆటో ఆవిడకి దసరాకి ఒకటి ఇస్తే, కొవ్వొత్తి కరెంటు పోయినప్పుడు వాడుకుంటానని చెప్పి, గుడ్డ మాత్రం అక్కడే విప్పి మడిచి నడుమున దోపుకుంది.

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. నూరు కొవ్వొత్తుల గృహప్రవేశం ఆర్డరు ఒకటి పోయింది, వాళ్లకి అన్నీ ఒకే రంగులో, మెరిసే పెట్టెల్లో కావాలి. ఫోటోలో ఒకేలా రావాలంటే పాత గుడ్డలు పనికిరావు, నిజమే. పాలిస్టర్ గుడ్డలు చూసి ‘ఇది ఎకో ఎలా అవుతుంది’ అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ పాలిస్టర్ ఎప్పుడో తయారైపోయింది. ఇప్పుడు దాన్ని వాడామా, బీరువాలో ఉంచామా, జవహర్‌నగర్ పంపామా అన్నదే మన చేతిలో ఉంది. అయితే ప్యాకింగ్ కోసమని కొత్త జాకెట్టు గుడ్డలు హోల్‌సేల్లో కొంటే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ సంగతి పెద్దమ్మకి నాకన్నా ముందే తెలుసు. ఉన్నవి అయిపోయాక కొననంది.

"మరి అప్పుడేం చేస్తావు?"

"అప్పటికి చూద్దాంలే."

2024 దీపావళి ముందు ఒకావిడ ఖాళీ గ్లాసులు తిరిగివ్వడానికి వచ్చింది. నాలుగు గ్లాసులు, శుభ్రంగా కడిగి తుడిచి. వాటితో పాటు ఒక గుడ్డసంచి. "మా అమ్మగారివండీ, బీరువా నిండా పడున్నాయి. మీ ప్యాకింగ్‌కి పనికొస్తాయని తెచ్చాను" అంది. తొమ్మిది జాకెట్టు గుడ్డలు. పెద్దమ్మ రెండు చేతులా అందుకుంది. ఆవిడ కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మూటలు కట్టడానికి కూర్చుంటే ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది, చిలకపచ్చ రంగుది, మావిడిపిందెల అంచుది, బీరువాలో పైఅరలో కనిపించింది. దీన్ని మర్చిపోయావా పెద్దమ్మా అని తీయబోయాను.

"అది ఉండనీ. కుట్టించుకుంటాను" అంది. మర్నాడు ఆదివారమే కాబట్టి కృష్ణానగర్‌లో టైలరు దగ్గరికి బండి మీద తీసుకెళ్లమంది.